తలుపుకి ఇవతల

వీపు తలుపుకి ఆనించి కూలబడ్డ మొదటి క్షణంలో ఆమెకి గుర్తొచ్చింది లోపలున్న చిరుతపులి కాదు, పొయ్యి మీద వదిలేసి వచ్చిన పాలు. ఈపాటికి పొంగి ఉంటాయి, పొంగి మంటని ఆర్పేసి ఉంటాయి, వంటిల్లంతా మాడు వాసన కొడుతూ ఉంటుంది. పోతే పోయాయి. రెండు మడమల్నీ ఎదురుగా ఉన్న కాలవ రాతికి తన్నిపెట్టి, నడుముని చెక్కకి గట్టిగా అదిమి, అప్పటిదాకా చేతిలోనే ఉన్న కుడితి బకెట్టుని పక్కన దించింది. చుక్క ఒలకలేదు. అది చూసి ఆమెకే కాస్త గర్వం కలిగింది. పై పొలంలో చెరుకు నరికే మిషను ఆఖరి పట్టీలోకి దిగేసరికి, పొద్దున్నుంచీ అందులో నక్కి ఉన్నవన్నీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. ముందు కుందేళ్ళు, తర్వాత పిల్లల్ని వెంటేసుకుని అడవిపంది, అన్నిటికన్నా వెనక అది. ఎండలో పసుపుపచ్చగా మెరుస్తూ పెరడంతా అడ్డంగా దాటి, ఆమెకి నాలుగు బారల దూరం నుంచి, ఆమె వంక కన్నెత్తి కూడా చూడకుండా, వానకి తడిసిన మనిషి కనిపించిన వసారాలోకి దూరినట్టు తిన్నగా మేకల కొట్టంలోని చీకట్లోకి దూరింది. తలుపు లాగిందీ, గడియ కమ్మి దూర్చిందీ ఆమె చెయ్యే; మనసు ఆ తర్వాత ఎప్పటికోగాని వచ్చి చేరలేదు. గడియ దూరే గోడకన్నం ఎప్పుడో పెద్దదైపోయింది, కమ్మి అందులో పన్ను ఊగినట్టు ఊగుతుంది, సిమెంటు పెట్టించాలని రెండు వానాకాలాలుగా అనుకుంటూనే ఉంది. అందుకే కూర్చుంది. గోడ చెయ్యాల్సిన పని వీపు చేస్తోంది.

ఊళ్ళో అందరూ ఆమెని మేకలక్క అంటారు. వయసులో ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా అక్క అనే అంటారు. ఇరవై రెండు మేకల మందని పొద్దున్నే కోత అయిపోయిన మడిలోకి తోలి కంచె వేసింది కాబట్టి అవి బతికిపోయాయి. లోపల ఒక్కటే ఉంది. తెల్లవారుజామున ఈని, రెండు పిల్లలతో తడిక వెనక కట్టేసి ఉన్న మొండిది. ఆ మేక పేరే అది, పుట్టినప్పటి నుంచీ. పిలిస్తే రాదు, తోలితే కదలదు, పాలు పితకబోతే బకెట్టు తన్నేస్తుంది. ఇప్పుడు దాని చప్పుడు లేదు. పిల్లల చప్పుడూ లేదు. వినబడుతున్నది ఒక్కటే, చెక్కకి అవతల, ఆమె నడుముకి కాస్త పైన, గరగరమంటూ లోపలికీ బయటికీ పోయే ఊపిరి. రంపం మొద్దుబారితే కోతలో వచ్చే చప్పుడులాంటిది. అటవీశాఖ డాక్టరమ్మకి ఫోను చేస్తే ఆవిడ జలుబు గొంతుతో, ఎక్కడా కంగారు లేకుండా, "గంటలో అక్కడుంటాను. తలుపు తీయకండి, లోపలికి వెలుగు పోనివ్వకండి, జనాన్ని చేరనివ్వకండి. చప్పుడు చేస్తేనే అది మీదకొస్తుంది," అంది. గంట అంటే ఎంత అని అడగబోయి ఊరుకుంది. గంట అంటే గంటే. కాన్పు గదుల ముందు కూర్చుంది, ఆపరేషను గది ముందు కూర్చుంది, ఆఫీసు బల్లల ముందు తాటికాయంత ముద్ర కోసం పగళ్ళకి పగళ్ళు కూర్చుంది. కూర్చోవడం ఆమెకి చేతనైన విద్యల్లో ఒకటి.

తలుపుని మొగుడే చేశాడు. తుక్కు కింద పడేసిన లారీ వెనక బల్లల్ని బండి మీద వేసుకొచ్చి, మేకులు కొట్టి, చూడు ఎంత గట్టిగా ఉందో అని తనే గుద్ది చూపించి, చెయ్యి నొప్పెట్టి వారం రోజులు ఊదుకున్నాడు. ఆ బల్లల మీద రాత ఇంకా పోలేదు. దూరం పాటించండి అని పెద్ద ఎర్రక్షరాలు, సరిగ్గా ఆమె మెడ వెనక. చదువొచ్చిన పులి అయితే బాగుండేది. నవ్వొచ్చింది, నవ్వితే వీపు కదిలింది, వీపు కదిలేసరికి చెక్క అవతల ఊపిరి ఒక్కసారి ఆగింది. ఆమె కూడా ఆపుకుంది. ఇద్దరూ అలా ఒకరినొకరు వింటూ ఉండిపోయారు. ముందు అదే మొదలుపెట్టింది, గర్... గర్... అని. ఆమె కూడా వదిలింది. మొగుడు పొద్దున్నే పై మడి పంపు బేరింగు కోసం పట్నం వెళ్ళాడు, ఫోను మంచం మీదే మర్చిపోయాడు, అది ఇంట్లో ఒకటే మోగుతోంది. ఆయనకి విషయం చెప్పాలనుకున్న ప్రతివాడూ ఆయన మంచానికి చెబుతున్నాడు. ఉంటే మాత్రం ఏం చేసేవాడు. నువ్వు చెప్పాక నేనేం చెప్తాను అనేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఒక్క మాటతో కాపురం ఈదుకొచ్చిన మనిషి. మంచివాడు. ఈ తలుపు కూడా మంచిదే, కన్నందే లోపం.

ఊపిరి వింటుంటే నాన్న గుర్తొచ్చాడు. రాకుండా ఎలా ఉంటాడు. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు మేకల్ని వాగు దాటిస్తుంటే అవతలి గట్టు మీద ఇలాంటిదే ఒకటి కూర్చుని ఉంది, ముందుకాళ్ళు చక్కగా పక్కపక్కన పెట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు. ఆమె నోరు తెరిచింది, అరుపు ఇంకా గొంతులో ఉండగానే నాన్న చెయ్యి భుజం మీద పడింది. ఆయన అరవలేదు, రాయి తీయలేదు. మామూలు గొంతుతో, అన్నం దగ్గర మాట్లాడుకున్నట్టు, "రేపు ఆ ఎర్రమేకకి గిట్టలు కోయాలి, గుర్తు చెయ్యి. నీ చెప్పు తెగింది కదూ, సాయంత్రం కుట్టించుకొద్దాం. మీ అమ్మ ఉప్పు అయిపోయిందంది," అంటూ పోయాడు, ఒకదాని మీద ఒకటి, ఇంట్లో సంగతులన్నీ. అది చెవులు రిక్కించి వింది. ఎదురింటివాళ్ళ గొడవ వినడానికి కిటికీ దగ్గర నిలబడి, తీరా చూస్తే అక్కడ గొడవే లేదని తెలిసిన మనిషిలా మొహం పెట్టి, లేచి, ఒళ్ళు విరుచుకుని, పొదల్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాన్న చుట్ట వెలిగించుకోబోతే అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది. భయమేసిందా నాన్నా అని అడిగింది. "వేసింది. దానికి చెప్పలేదంతే," అన్నాడు. బడిలో నేర్చుకున్నవన్నీ ఎక్కడెక్కడో జారిపోయాయిగాని ఇది మాత్రం పోలేదు. కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు అత్తగారు ఎగాదిగా చూసినప్పుడు కూడా ఇదే పనికొచ్చింది. భయం ఉంటుంది, ఉండనీ, ఎదుటివాళ్ళకి చెప్పనక్కర్లేదు.

జనం ముందు కాళ్ళ చప్పుడుగా, తర్వాత దుమ్ముగా, ఆ తర్వాత మనుషులుగా వచ్చారు. చెరుకు కొట్టేవాళ్ళు, మిషను డ్రైవరు, దారిన పోయేవాళ్ళు, మొత్తం ఇరవై మంది పైనే. చేతుల్లో కర్రలు, గడ్డపారలు, ఒకడి చేతిలో ఎందుకో నిచ్చెన. అందరికన్నా ముందు మరిది. ఆమె కాపురానికి వచ్చేనాటికి పదేళ్ళవాడు, ఆమె కలిపి పెడితేగాని అన్నం తినేవాడు కాదు. ఇప్పుడు కణతల దగ్గర నరాలు ఉబ్బి, కుడిచేతిలో మిషనుకి పోసే డీజిలు డబ్బాతో వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"లే వదినా. పక్కకి జరుగు."

"మోటారు కట్టేసి వచ్చావా?"

అతను ఆగాడు. "ఏంటి?"

"కింది మడికి పొద్దున్నుంచీ నీళ్ళు పోతున్నాయి. కట్టేశావా అని."

"లేదు."

"మరి ఎవరినైనా పంపు. గట్టు తెగితే మళ్ళీ వేసుకోవాల్సింది నువ్వే."

మరిది వెనక్కి తిరిగి ఒకడి వంక చూశాడు, వాడు పరిగెత్తాడు. ఒకడు తగ్గాడు అనుకుంది ఆమె. ఇలా ఒక్కొక్కణ్ణీ ఒక్కో పని మీద పంపుకుంటూ పోతే డాక్టరమ్మ వచ్చేసరికి పెరడు ఖాళీ అవుతుంది. అయితే మరిది తెలివితక్కువవాడు కాడు, ఆమె పెంచిన మనిషే.

"మాట మార్చకు వదినా. లోపలున్నదేంటో నీకు తెలుసు."

"తెలుసు. గడియ పెట్టింది నేనేగా. డాక్టరమ్మ బయల్దేరింది, గంటలో వస్తుంది. నిద్రమందు ఇచ్చి తీసుకుపోతుంది."

"తీసుకుపోయి మళ్ళీ ఆ కొండ మీదే వదులుతుంది. అటకనిండా ఎండుగడ్డి ఉంది. ఒక్క పుల్ల చాలు. నీకు కొత్త కొట్టం నేను కట్టిస్తా."

"లోపల మొండిది ఉంది. పొద్దున్నే ఈనింది."

"అదింకా ఉందనుకుంటున్నావా?"

ఆ మాట మాత్రం తగలాల్సిన చోటే తగిలింది. ఎందుకంటే అప్పటివరకూ ఆమె చెవి సగం ఆ చప్పుడు కోసమే వెతుకుతోంది, అది దొరకడం లేదు. మేక అరవదు, పిల్ల అరవదు. పుట్టి ఏడు గంటలైనా కాని పిల్లలు పాల కోసం అరవకుండా ఉంటాయా. ఉండవు. ఉండవని ఆమెకి తెలుసు, అయినా తెలియనట్టే కూర్చుంది. మందలో ఏటా ఒకటో రెండో కొండ పాలవుతూనే ఉంటాయి. వాటికోసం ఏడ్చింది కూడా, తిట్టింది కూడా, పోయిన చోటికి వెళ్ళి మెడ పట్టెడ మాత్రం విప్పి తెచ్చుకుంది. ఆ ఏడుపు తనది. దాన్ని పక్కవాళ్ళకి అరువిచ్చి, దాంతో వాళ్ళని నిప్పంటించనివ్వడం ఆమెకి నచ్చదు. నా కొట్టం, నా మేక, నా కోపం, వీటిలో నీ డబ్బాకి పనేముంది అనుకుంది. పైకి మాత్రం, "ఎండగా ఉంది, ఆ డబ్బా నీడన పెట్టు," అంది.

మరిది పెట్టలేదు. అతని కళ్ళలోకి చూస్తే ఆమెకి పోయినేడు ఆ రోజు మొత్తం కనిపించింది. అతని పెళ్ళాం, తన తోడికోడలు, జొన్నచేలో వంగి మేత కోస్తోంది. వంగిన మనిషి వెనక నుంచి చూస్తే మనిషిలా ఉండదు, నాలుగు కాళ్ళ జంతువులా ఉంటుంది. వెనక నుంచి వచ్చిన చిరుత కూడా అలాగే పొరబడింది. కేక విని మేకలక్క పరుగెత్తింది. చేతిలో ఉన్న ఇత్తడి బిందెని రాయితో మోదుకుంటూ, బూతులో పాటలో తనకే తెలియని ఏవో మాటలు అరుచుకుంటూ పోయింది. అది వదిలేసి పోయింది. మెడ తప్పిందిగాని భుజం, మోచెయ్యి చీలిపోయాయి. నలభై కుట్లు. చీరకొంగుతో ఒత్తిపట్టుకుని ట్రాక్టరు తొట్టిలో ఆస్పత్రికి పోతుంటే ఆ పిల్ల కళ్ళు మూయకుండా ఆకాశం వంక చూస్తూ, అక్కా, కొడవలి అక్కడే పడిపోయింది, అని నాలుగైదుసార్లు అంది. అంతే, ఆ తర్వాత చాలా రోజులు మాట లేదు. చెయ్యి మోచెయ్యి దగ్గర వంగి అలాగే ఉండిపోయింది. ఏడాదైంది, ఇంటి గడప దాటి పొలం వైపు అడుగు వెయ్యలేదు. ఆ రోజు మేత కోయాల్సిన వంతు మరిదిది. అతను పక్కూళ్ళో వాలీబాలు పందెం చూడటానికి వెళ్ళాడు. ఈ సంగతి ముగ్గురికే తెలుసు. ముగ్గురూ ఏ రోజూ నోరెత్తలేదు. అతని కోపం పులి మీద కాదు. పులి మీద అయితే ఏడాది తర్వాత కూడా ఇంత ఉండేది కాదు, ఎంత కోపమైనా ఎండకి ఆరుతుంది, ఇది నీడన దాచిన కోపం.

ఇప్పుడు ఆ ఒక్క మాట అంటే చాలు. ఇరవై మంది ముందు, గొంతు పెంచనక్కర్లేదు, ఆ రోజు నువ్వెక్కడున్నావు మరిదీ అంటే చాలు, డబ్బా దానంతటదే జారిపడుతుంది. నాలిక చివరికి వచ్చింది కూడా. ఎంత తేలికగా వచ్చిందో చూసి ఆమెకే అసహ్యమేసింది. అన్నం కలిపి పెట్టిన చేతితో చెంప పగలగొట్టినట్టు ఉంటుంది. గెలుస్తుంది, సందేహం లేదు, గెలిచాక వాడు ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరగలేడు, ఆ పిల్ల వాడి పక్కన తలెత్తుకుని తిరగలేదు. మాటని వక్కముక్కలా దవడకి తోసేసి నోరు మూసుకుంది. తలుపుని ఆపడానికి వీపు ఉంది, మరిదిని ఆపడానికి కూడా ఆ వీపే చాలు అనుకుంది.

అప్పుడే ఎవడో, వెనక నుంచి, మొహం కనపడని వీరుడొకడు రాయి విసిరాడు. అది కొట్టం రేకుల మీద పడి ఢమాలుమంది. లోపలున్నది లేచింది. లేవడం ఆమెకి వినపడలేదు, వీపుకి తెలిసింది; బల్లలన్నీ ఒక్కసారిగా ఆమెని ముందుకి తోశాయి, గడియ కమ్మి కన్నంలో కిర్రుమంది, తలమీద సున్నం పెళ్ళలు రాలాయి, మడమల కింద రాయి కదిలినట్టైంది. మళ్ళీ గుద్దింది. ఈసారి గర్జన కూడా వచ్చింది, పొట్టలోంచి, ఆమె పొట్టలోకి. ఇరవై మంది వెనక్కి దూకారు. నిచ్చెన పట్టుకున్నవాడు నిచ్చెన వదిలేసి దూకాడు. మరిది రెండడుగులు వెనక్కి వేసి, ఆమెని చూసి, మళ్ళీ ఒకడుగు ముందుకి వేశాడు. ఆమె కదల్లేదు. కదలకూడదని నిర్ణయించుకుని కాదు, కాళ్ళు అప్పటికే రాతికి వేళ్ళూనిపోయాయి. తల కాస్త పక్కకి తిప్పి, చెక్క సందులోకి, నాన్న గొంతుతో, "ఏం లేదులే. రాయి పడింది. కొత్తగా బండి నేర్చుకున్నవాడు కొట్టే హారనులాంటిది, పట్టించుకోకు. కుడితి చల్లారిపోతోంది, మొండిదానికి ఇంకా పెట్టలేదు. సాయంత్రం మడిలోంచి మందని తోలుకురావాలి, ఇంకా బోలెడు పనుంది," అంది. ఎవరికి చెబుతోందో ఆమెకే సరిగ్గా తెలియలేదు. మూడో గుద్దు రాలేదు. లోపల గడ్డి మీద ఏదో బరువుగా కూలబడిన చప్పుడైంది. ఆ తర్వాత మళ్ళీ ఊపిరి, ఇందాకటికన్నా వేగంగా.

అంతా దూరంగా చింతచెట్టు నీడకి చేరారు. రాయి విసిరినవాణ్ణి ఎవరో తిడుతున్నారు. మరిది బట్టలుతికే బండ మీద కూర్చున్నాడు, డబ్బా కాళ్ళ మధ్య పెట్టుకుని. అప్పుడు చెరుకు కొట్టే ఆడవాళ్ళు పక్కకి తప్పుకుంటూ దారి ఇవ్వడం కనిపించింది. వస్తున్నది తోడికోడలు. తలకి కొంగు లేదు, కాళ్ళకి చెప్పులు లేవు, వంగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, బిడ్డని ఎత్తుకున్నట్టు నడిచే నడకతో, తిన్నగా వచ్చింది. మరిది లేచి నిలబడ్డాడు. నువ్వైనా చెప్పు అన్నట్టు ఉంది అతని మొహం. ఆమె అతని ముందు ఆగలేదు. వచ్చి తలుపు ముందు నిలబడి, రాతని చూసి, బల్లల్ని చూసి, మేకలక్కని చూసి, "కాస్త జరుగక్కా," అంది.

"ఎందుకొచ్చావే?"

"చూద్దామని."

"తలుపు తీయకూడదంట."

"తీయొద్దులే. విందామని."

జరిగింది. ఆ పిల్ల పక్కన కూర్చుని, వీపు ఆనించి, తల వెనక్కి వాల్చి, చెవి చెక్కకి పెట్టింది. కుట్ల మచ్చ మెడ పక్క నుంచి జాకెట్టు లోపలికి తాడులా దిగింది. మరిది దగ్గరికొచ్చాడు. డబ్బా బండ దగ్గరే వదిలేశాడు, కానీ చేతులు ఇంకా పిడికిళ్ళే.

"లే. ఇంటికి పద. నిన్ను పట్టింది అదే."

"ఏమో," అంది ఆ పిల్ల, కళ్ళు మూసుకునే. "నాకు వెనక నుంచి వచ్చింది. మొహం నేను చూడలేదు. నువ్వు చూశావా?"

అతని పిడికిళ్ళు విడిపోయాయి. ఆ పిల్ల ఆ మాట కావాలని అందో, మామూలుగా అందో మేకలక్కకి అర్థం కాలేదు. తాను ఇందాక మింగినదే ఈమె ఇంత మెత్తగా ఎలా చెప్పగలిగింది, పొడవకుండా, కొడవలిని పిడి వైపు తిప్పి అందించినట్టు. కాసేపటికి మరిది తలుపుకి ఎదురుగా, నేలమీద, ఇద్దరాడవాళ్ళకీ మూడు బారల దూరంలో గొంతుక్కూర్చున్నాడు. వెళ్ళనూ లేదు, దగ్గరికి రానూ లేదు.

"ఏడాదిగా రోజూ నా చెవిలో ఊపిరి తీస్తోందక్కా," అంది తోడికోడలు మెల్లగా. "అంట్లు తోముతున్నా, జడ వేసుకుంటున్నా. అదీ ఇదీ ఒకటేనేమో తెలుసుకుందామని వచ్చాను."

"ఒకటేనా?"

చాలాసేపు వింది. "కాదు. అది నన్ను తినడానికి వస్తూ ఉంటుంది. ఇది భయపడుతోంది."

రెండు వీపులు, ఒక తలుపు, బరువు సగమైంది. మేకలక్కకి ఇప్పుడు నడుము నొప్పి తెలుస్తోంది, మడమకి రాయి కోసుకుని నెత్తురు కారడం తెలుస్తోంది, దాహం తెలుస్తోంది. ఒక్కతే ఉన్నప్పుడు ఇవేవీ లేవు, మనిషి తోడు దొరగ్గానే ఒళ్ళు తన బాధలన్నీ చెప్పుకోవడం మొదలుపెడుతుంది కాబోలు. ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మేకల వాసనకి ముక్కు మూసుకునేది. ఒక రాత్రి ఈత కష్టమైన మేక కడుపులో పట్టే సన్నటి చెయ్యి తనదే అని, గాజులు తీసి పక్కన పెట్టి, మోచేతిదాకా దూర్చి, అడ్డం తిరిగిన పిల్లని బయటికి లాగింది. ఆ చెయ్యే ఇప్పుడు వంగిపోయింది. ఆ మేకపిల్లే ఆ తర్వాత పెరిగి మొండిది అయింది. ఎందుకో ఈ సంగతి ఇంతవరకూ గుర్తే రాలేదు. చెప్పబోయింది. అప్పుడు తోడికోడలు వేలు పెదవుల మీద పెట్టి, చెవి ఇంకా గట్టిగా చెక్కకి ఒత్తింది.

"అక్కా, విను."

గరగర కింద, దానికి అవతల, ఎక్కడో మూల నుంచి, చప్ చప్ మని సన్నగా, తడిగా. మేకలక్కకి ఆ చప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్ల పాలు తాగుతోంది. చిరుత ఉన్న గదిలో, ఆరడుగుల అవతల, ఒక పిల్ల పాలు తాగుతోంది. తాగుతోందంటే తల్లి నిలబడి ఉంది. ఆమె కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు, చేతులు రెండూ నేలకి ఆని ఉన్నాయి. ఎదురుగా గొంతుక్కూర్చున్న మరిదికి మాత్రం చెప్పింది, "ఉంది. మొండిది ఉంది," అని. అతను తల దించుకుని, అవునన్నట్టు ఆడించాడు.

డాక్టరమ్మ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. పొట్టిగా, మెడకి మఫ్లరుతో, ముక్కు తుడుచుకుంటూ జీపు దిగి, తలుపు ముందు కూర్చున్న ఇద్దరినీ చూసి కాసేపు నిలబడింది. "మీరేనా ఫోను చేసింది? ఇంకొక్క పావుగంట అలాగే ఉండండి," అంది. వెనకగోడ కిటికీకి కట్టిన గోనెపట్టాని వేలెడంత పక్కకి జరిపి, సన్నటి గొట్టంలోంచి నిద్రమందు సూది ఊది వదిలింది. లోపల ఒక్కసారి కదలిక, ఒక గుర్రు, అంతే. గడియారం చూసుకుంటూ నిలబడింది. చెక్క అవతల గరగర మెల్లమెల్లగా సాగింది, ఎడం పెరిగింది, చంటిపిల్ల నిద్రలోకి జారినట్టు లోతుగా అయింది. లేవబోతే మేకలక్క కాళ్ళు మొద్దుబారి లేవలేదు. మరిది వచ్చి చెయ్యి అందించాడు, ముందు ఆమెకి, తర్వాత పెళ్ళానికి. ఇద్దరూ ఆ చెయ్యే పట్టుకుని లేచారు.

తలుపు తీస్తే, చిరుత గుమ్మానికి అడ్డంగా, మనుషులకి వీలైనంత దగ్గరగా, మేకకి వీలైనంత దూరంగా పడుకుని ఉంది. తడిక సగం విరిగింది. దానికి అవతల మొండిది నాలుగు కాళ్ళూ ఎడంగా తన్నిపెట్టి, కొమ్ములు వంచి, చిరుత వంక తిరిగి నిలబడి ఉంది. పొద్దున్నుంచీ అలాగే నిలబడి ఉన్నట్టుంది, మెడ కండరాలు వణుకుతున్నాయి. ఒక పిల్ల దాని పొదుగు దగ్గర ఉంది, రెండోది కాళ్ళ మధ్య నిద్రపోతోంది. డాక్టరమ్మ ముక్కు తుడుచుకోవడం మర్చిపోయింది. "నా ఉద్యోగంలో ఇది చూడలేదు," అంది. మేకలక్క కుడితి బకెట్టు తెచ్చి ముందు పెట్టింది. మొండిది ఒకసారి వాసన చూసి, అలవాటు ప్రకారం తన్నేసింది.

"ఎక్కడ వదులుతారు?" అని అడిగాడు మరిది. గొంతులో కోపం లేదు, కానీ ప్రశ్న ప్రశ్నే.

"ఆ కొండ మీదే. ఇది ఇక్కడిదే," అంది డాక్టరమ్మ, పళ్ళు, పాదాలు, పొట్ట చూస్తూ. "దీన్ని దూరం తీసుకుపోతే ఖాళీ అయిన ఇంట్లోకి ఇంకోటి దిగుతుంది. దానికి మీ దారులు తెలీవు, మీకు దాని దారులు తెలీవు. దీనికి కనీసం ఈ ఊరంటే ఏంటో ఇవాళ తెలిసింది." అతను కొండ వంక చూశాడు. ఒప్పుకున్నాడని కాదు, ఆలోచిస్తున్నాడని మాత్రం మేకలక్కకి తెలిసింది. అతను చిన్నప్పుడు కూడా ముద్ద మింగేముందు అలాగే దవడకి పెట్టుకుని కాసేపు చూసేవాడు.

కళ్ళకి గుడ్డ కట్టి, పచ్చ టార్పాలిను మీదకి దొర్లించారు. జీపు ఇంటి సందులోంచి లోపలికి రాలేదు, అక్కడిదాకా మోయాలి. ఒక మూల డ్రైవరు పట్టుకున్నాడు, ఒక మూల సహాయకుడు, ఒక మూల మేకలక్క. డాక్టరమ్మ చెయ్యి దాని పక్కటెముకల మీద ఉండాలి, ఊపిరి చూసుకోవాలి. చింతచెట్టు కింది ఇరవై మందీ నేల వంక చూశారు. నాలుగో మూలని మరిది వచ్చి ఎత్తాడు. ఎవరూ అడగలేదు. నాలుగడుగులు వేశాక, "నీ వైపు దిగిపోతోంది వదినా, కాస్త పైకెత్తు," అన్నాడు. ఆమె ఎత్తింది. ఎండలో దాని ఒంటి మీది మచ్చలన్నీ నడుస్తున్నట్టు కదిలాయి. తడి గడ్డి, నెత్తురు, పాత ఇనుము కలిసిన వాసన. ఇంత దగ్గరగా చూడటం ఆమెకీ ఇదే మొదలు, చూస్తే చెవి ఒకటి చివర చిరిగి ఉంది, ముక్కు మీద చెరుకాకు కోసిన సన్నటి గీతలు, అచ్చం కోతకి పోయిన ప్రతి మనిషి మొహం మీదా ఉండేలాంటివి.

సందు మొదట్లో తోడికోడలు నిలబడి ఉంది. "ఆగండి," అంది. ఆగారు. ఆమె వంగి, మంచి చేత్తో, దాని ముందుకాలు ఒకటి ఎత్తి పట్టుకుంది. వేళ్ళ మధ్య నొక్కితే గోళ్ళు బయటికి వచ్చాయి, వదిలితే లోపలికి పోయాయి. రెండోసారి నొక్కి చూసింది. అరచేయంత మెత్తటి పాదం, ఎండకి పగిలిన నల్లటి తోలు. మరిది టార్పాలిను మూలని చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. ఆమె ఏ తీర్పూ చెప్పలేదు, ఇదే అనీ అనలేదు, ఇది కాదనీ అనలేదు. కాలిని మెల్లగా టార్పాలిను మీద పెట్టేసి, పక్కకి వచ్చి, అంచు దాటి జారిపోయిన పొడుగాటి తోకని పోగుచేసి దాని పొట్ట పక్కన సర్దింది.

"తోక నేలకి రాసుకుంటోంది," అంది మొగుడితో. "చూసుకుని పట్టుకో."